ఇటుక పొయ్యిలో సాంచా చప్పుడు

మొన్న సూరత్‌లోని డిండోలిలో కడుతున్న ఓ బిల్డింగు పక్క నుంచి పోతుంటే, ఎండకు కాగిన ఇటుకల మీద మేస్త్రీ నీళ్లు చల్లాడు. గుప్పున లేచిన ఆ మట్టి వాసనకు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా పాత ఇంటి పెరట్లో చిన్నాయన పిజ్జా పొయ్యి కట్టిన ఏడాదంతా మా ఇంట్లో అదే వాసన.

మాది సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద బతికిన ఇల్లు. బతుకమ్మకు అమ్మ దంచిన సత్తుపిండి, దీపావళికి పక్కింటి గుజరాతీ ఆంటీ పంపే ఘూఘ్రాలనే కజ్జికాయలు, చలికాలం మేడల మీద పతంగుల కేకలు, వీటన్నిటి వెనక పొద్దస్తమానం టకటకమని సాంచాల మోత. ఆ మోతలో దారపు కండెలు చుట్టీ చుట్టీ మా బాపమ్మకు, అంటే బాపు వాళ్లమ్మకు, చెవులు పూర్తిగా పోయాయి. ఆమెను పిలవాలంటే భుజం తట్టేవాళ్లం.

చిన్నాయన సూరత్‌లోనే పర్వత్ పాటియాలో ఓ పిజ్జా దుకాణంలో కొన్నాళ్లు పనిచేసి, ఇంట్లోనే కట్టెల పొయ్యి కట్టుకుని ఆదివారాలు సొంతంగా అమ్ముదామనుకున్నాడు. తాత జీవితమంతా పనిచేసి, సాంచా ముందే గుండె ఆగి పడిపోయిన షెడ్డును అప్పుడే కూలగొడుతున్నారు. చిన్నాయన అక్కడి ఇటుకలే టెంపోలో తెచ్చాడు. బాపమ్మ ఓ ఇటుకను తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ కుప్ప మీద పెట్టింది.

ఇసుకను గుండ్రంగా కుప్ప పోసి, తడిపిన పాత పేపర్లు కప్పి, ఎర్రమట్టీ ఊకా కలిపిన ముద్దతో దాని మీద ఒక్కో ఇటుకా పేర్చుకుంటూ పోయాడు చిన్నాయన. ఆరాక పొయ్యి నోట్లోంచి ఇసుకంతా గీకి తీస్తే లోపల చిన్న గుహ మిగిలింది. తేమ పోవాలని ఓ మధ్యాహ్నం సన్నగా మంట పెట్టాడు. కాసేపటికి లోపల టకటకమని చప్పుడు మొదలైంది. తడి ఇటుకలు వేడికి చిట్లుతున్నాయన్నాడు చిన్నాయన. అయ్యుంటుంది. కానీ ఆ చప్పుడు ఒక్కచోట కూడా తడబడలేదు. మంట ఆరగానే ఆగిపోయింది. మాకు వీపు పెట్టి బియ్యం ఏరుతున్న బాపమ్మ చేట కింద పెట్టింది.

“సాంచా ఎవలు బంద్ జేసిండ్రు?”

చిన్నాయన వంగి పొయ్యి నోట్లోకి తొంగి చూశాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఉల్లిగడ్డలు, మక్క గింజలు, అమ్మ నూరిన ఎల్లిపాయ కారం వేసిన పిజ్జాల కోసం గల్లీ అంతా మా పెరట్లోనే ఉండేది. బాపమ్మ పొయ్యి పక్కన పీట వేసుకుని, కళ్లు మూసుకుని, ఒళ్లో వేళ్లతో లేని దారాన్ని చుడుతూ కూర్చునేది. ఒక్కోసారి పొయ్యి వైపు వంగి ఏదో గొణిగి, జవాబు విన్నట్టు తలూపేది. అమ్మ నన్ను ఒంటరిగా పెరట్లోకి పోనిచ్చేది కాదు. నాకూ భయమే. అయినా పోయేదాన్ని.

వానలు మొదలయ్యాక ఓ ఆదివారం చిన్నాయన పొయ్యి నోట్లోకి తల వంచి పిజ్జా తిప్పుతున్నాడు. బాపమ్మ దిగ్గున లేచి గుమ్మం వైపు నడిచింది.

“పోగు తెగింది కొడుకా. ఇవతలికి రా.”

ఆ గొంతుకు కంగారుపడి చిన్నాయన ఆమె దగ్గరికి వచ్చాడు. వెనకాల పొయ్యి కప్పంతా నిప్పుల మీదికి కూలింది. వానకు మట్టి నానిపోయిందని తర్వాత బాపు చూసి చెప్పాడు. కూలిన చప్పుడు మాత్రం బాపమ్మకు వినపడలేదు. మా మొహాలు చూశాకే వెనక్కి తిరిగింది.

చిన్నాయన కొత్త ఇటుకలతో మళ్లీ కట్టాడు. బాపమ్మ పొద్దంతా దాని పక్కన కూర్చుని, “గిది మూగది” అని లోపలికి పోయింది. ఆ చలికాలం దాటలేదు.

ఇప్పుడు ఆ పెరట్లో స్కూటర్లు పెడుతున్నారు. పాత సాంచాలు తుక్కు కింద పోయాయి, కొత్త యంత్రాల మోత వేరు. చిన్నాయన సూరత్ పక్కనున్న సచిన్ అనే ఊళ్లో గ్యాసు ఓవెన్‌తో పిజ్జా బండి నడుపుతున్నాడు. ఎప్పుడన్నా అడిగితే, అవి వట్టి తడి ఇటుకలేనమ్మా అంటాడు. అంటూనే గ్యాసు ఆపి, కాసేపు చెవి రిక్కించి నిలబడతాడు.