హాట్ ప్రెస్‌లో విమానం

మా చిన్నప్పుడు... ఐర్లాండ్‌లో స్వోర్డ్స్ అనే ఊరికి వచ్చిన కొత్తలో... మా నాన్న ఊరికే మెట్లు ఎక్కి దిగుతుండేవాడు. పైన పనేమీ లేదు, కింద పనేమీ లేదు. అయినా ఎక్కేవాడు, దిగేవాడు. మధ్యలో కిటికీ దగ్గర ఆగి, ఎయిర్‌పోర్టు నుంచి లేచే విమానాల్ని చూసేవాడు.

అమ్మ నర్సు. ఆమె ఉద్యోగం మీదే ఈ దేశం వచ్చాం. నాన్నకి ఇక్కడ పని చేసే పర్మిషన్ ఇంకా రాలేదు. గుంటూరులో మోటార్ వైండింగ్ షాపు నడిపిన మనిషి... నన్ను బడికి పంపి, అన్నం వండి, ఇక కూర్చోవాలి. ఆ కూర్చోవడం ఒక్కటే ఆయనకి చేతకాదు.

ఒకరోజు అమ్మతో అనేశాడు. "నా వల్ల గావట్లేదు సలోమీ. నేను గుంటూరెల్లిపోతా. పర్మిషన్ వచ్చినాక వస్తాలే."

తలుపు పక్కన నిలబడి విన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆ పర్మిషన్ ఎప్పుడొస్తుందో తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది?

అమ్మ ఉల్లిపాయలు తరగడం కూడా ఆపలేదు. "ఎల్దురుగానీ... పిల్లకి ఆ బొమ్మ విమానం చేసిస్తానన్నారుగా. అది పూర్తి చేసి ఎల్లండి."

"అదెంత పని!" అన్నాడు నాన్న.

ఆ విమానం, జనం ఇచ్చేసిన పాత సామాన్లు అమ్మే ఛారిటీ షాపులో దొరికింది. నేను పుట్టకముందు నాటి పెట్టె, మూలలన్నీ నలిగిపోయి... లోపల బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు, పసుపెక్కిన కాగితం, గట్టిపడిపోయిన జిగురు ట్యూబు. ముక్కల్ని బ్లేడుతో కోసి, గరుకు కాగితంతో రుద్ది, ఒక్కొక్కటీ అంటించుకుంటూ పోవాలి. స్టిక్కర్లయితే నీళ్ళలో నానబెడితే కాగితం మీంచి జారి వచ్చేవి... ఆ వింతకే నాకు అన్నం సయించేది కాదు.

నాన్న కొత్త జిగురు తెచ్చాడు. మొదలుపెట్టాం. పైలట్ కుర్చీ, ఇంజన్, తోక... ఎంత బాగుండేదో! కానీ ఒక ముక్క అతుక్కుంటే నాన్న వెళ్ళే రోజు ఒక ముక్క దగ్గరికొచ్చినట్టే కదా. విమానం తొందరగా చూడాలని ఉండేది, అసలు అవ్వకూడదనీ ఉండేది. బడిలో కూడా అదే ధ్యాస.

రెక్కలు అంటించాక ఒక రోజంతా కదపకుండా ఆరనివ్వాలని కాగితం మీద ఉంది. నాన్న ఆగుతాడా? ఊదుతాడు, వేలితో తాకుతాడు, లాగి చూస్తాడు.

"నాన్నా, ఊదితే ఆరదు."

"నువ్వూరుకోయే... మోటార్లే ఆరబెట్టినోణ్ణి, ఇదెంత!"

ఇక్కడ బీరువాని ప్రెస్ అంటారు. వేడినీళ్ళ ట్యాంకు ఉండే బీరువా హాట్ ప్రెస్. ఐరిష్ వాళ్ళు అందులో తువ్వాళ్ళు పెట్టుకుంటారు. మనవాళ్ళు దోసెల పిండి పెడతారు. ఈ చలిలో పిండి పులవాలంటే అదొక్కటే దిక్కు. ఆ శనివారం సాయంత్రం అమ్మ పిండి రుబ్బి, గిన్నె పై అరలో పెట్టి, డ్యూటీకి వెళ్ళింది. నాన్న రెక్కలు అంటించి, విమానాన్ని సరిగ్గా దాని కింద అరలో పెట్టాడు. అంతటితో ఊరుకోలేదు... తొందరగా ఆరాలని నీళ్ళు కాగే ఇమ్మర్షన్ స్విచ్ కూడా వేసి వదిలేశాడు.

తెల్లారి అమ్మ డ్యూటీ దిగి వచ్చి, తువ్వాలు కోసం తలుపు తీసింది.

"ఏసయ్యా! ఏందండీ ఇదీ!"

ఆ వేడికి పిండి పొంగి, మూత తోసుకుని, విమానం మీద పడింది. ఒక రెక్క ఊడి తువ్వాళ్ళలో ఉంది. పైలట్ కనపడ్డమే లేదు. ఇల్లంతా పుల్లటి వాసన. అమ్మ ముందు తిట్టింది, తర్వాత నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది. నాన్న కూడా వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. మేం వచ్చాక ఆయన అంతసేపు కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ రోజు ప్రార్థనకి ఆలస్యంగా వెళ్ళాం. తిరిగొచ్చాక నాన్నా నేనూ సింకు దగ్గర నిలబడి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో సందూ కడిగాం.

"మళ్ళా మొదట్నించీ చెయ్యాలమ్మాయ్," అన్నాడు.

"మరి... టికెట్?"

"ముందా తోక సరిగ్గా కడుగు."

అంతే అన్నాడు. నేను సంతోషంగా ఆ తోకని రెండుసార్లు కడిగాను.

ఎండాకాలం వచ్చేసరికి పర్మిషన్ వచ్చింది, ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పని దొరికింది. విమానానికి రెండో రెక్క మాత్రం పెట్టలేదు. సెలవు రోజున తీసేవాడు, కాస్త రుద్దేవాడు, మళ్ళీ పెట్టేసేవాడు. ప్రతిదానికీ తొందరపడే మనిషిని దీనికెందుకు తొందర లేదని అమ్మా అడగలేదు, నేనూ అడగలేదు.

నాన్న కాళ్ళే నాకూ వచ్చినట్టున్నాయి... ఒకచోట నిలవను. ఇప్పుడుంటున్న ఇంటి లీజు అయిపోవచ్చింది. కెనడా వెళ్ళిపోదామనుకుంటున్నానని లెపర్డ్స్‌టౌన్‌లో మా ఆఫీసులో చెప్పాను. "గ్రాండ్!" అన్నారు. బాగుందనడానికి ఇక్కడ అదే మాట. స్నేహితుల గ్రూపులో పెట్టాను. క్షణంలో కంగ్రాట్స్, చప్పట్లు, పార్టీ ఎప్పుడని ప్రశ్నలు... అందరూ మంచివాళ్ళే. ఒక్కరూ ఆగమనలేదు.

మీ ఇళ్ళల్లో వెళ్ళిపోతానన్నవాళ్ళని ఎవరు, ఏ పని అంటగట్టి ఆపారో కింద రాయండి... చదవాలనుంది.

అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈ ఆదివారం చెబుతాను. ఏదో ఒకటి పూర్తి చేసి వెళ్ళమంటుందేమోనని... ఆశ.