వీపు మీద మోసిన పీజీ

ఆ రోజుల్లో (మరీ పాతకాలం కాదు, ఫోన్లో వెనక్కి జరుపుకుంటూ పోతే ఆ ఫొటోలు ఇంకా దొరుకుతాయి) మగవాడి బాధ్యతల గురించి నాకు చాలా గట్టి అభిప్రాయాలుండేవి. అనుభవం బొత్తిగా లేదు కాబట్టే అవి అంత గట్టిగా ఉండేవి. మద్దిలపాలెం వైపు ఎమ్మెస్సీ జువాలజీ చదువుతూ, ఉక్కునగరంలో అక్కాబావల క్వార్టర్లో ఉండేవాణ్ని. బావకు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. అక్కకు అప్పుడే పాప పుట్టింది. నైట్ షిఫ్టు దిగొచ్చిన బావ ఆ పిల్లను భుజాన వేసుకుని వరండాలో పైకీ కిందకీ ఊగుతుండేవాడు. ఆగితే ఏడుపు. "ఉక్కు కరిగించే మనిషివి, ఇలాగ కరిగిపోనావేటి బావా" అని రోజూ చురక అంటించేవాణ్ని. "నవ్వు బావా నవ్వు, నీకూ ఒక రోజొత్తాది" అనేవాడు. (మా వైపు బావా బావమరుదులు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఎవరు ఎవరికి మర్యాద ఇస్తున్నారో ఎప్పటికీ తేలదు.)

నా ప్రాజెక్టు నీటి నల్లి మీద. చెరువుల్లో బతికే, బొటనవేలి గోరు కంటే కాస్త పెద్ద పురుగు. ఇందులో ఆడది తన గుడ్లను మగవాడి వీపు మీదే బంక పెట్టి అతికించి, తన దారిన తాను పోతుంది. పిల్లలు బయటికొచ్చేదాకా మోసే డ్యూటీ అతగాడిది. నీళ్లలోనే ఉంటే గుడ్లకు ఊపిరాడదు, పైనే ఉంటే ఎండిపోతాయి. అందుకని నీటి అంచున కాళ్ల మీద లేస్తూ కుంగుతూ బస్కీలు తీస్తూనే ఉంటాడు. పెళ్లిచూపులకు కూడా అవే బస్కీలు. అలలు కదిలితే ఆవిడ వచ్చి చూస్తుంది. తమాషా ఏమిటంటే, అప్పటికే వీపు మీద నాలుగు గుడ్లున్నవాడే ఆవిడకు ముద్దు. వాడూ తక్కువ తినలేదు. జతకట్టాక కొన్ని గుడ్లు పెట్టనిస్తాడు, మళ్లీ జతకడితేగానీ మిగతా వీపు అప్పగించడు. మోసేది సొంత పిల్లల్నే అన్న నమ్మకం కావాలి కదా.

పెరటి వరండాలో నీలం టబ్బులో పెంచినవాటిలో చివరికి ఒక్కడే మిగిలాడు, వీపు నిండా గుడ్లతో. "పిల్లలు బయటికి రావడం నేను కళ్లారా చూడాలి. లేదంటే ప్రాజెక్టు లేదు, వచ్చే ఏడాది మళ్లీ మొదలుపెట్టు" అన్నారు మా మేడమ్. శనివారం తెమ్మన్నారు. మా ఇంటావంటా లేని మొట్టమొదటి పీజీ ఆ విధంగా ఒక పురుగు వీపెక్కింది.

శుక్రవారం పొద్దున్నే ఇరుగుపొరుగు కూలర్లలోంచి దోమపిల్లల్ని పట్టుకొచ్చి, మేతగా టబ్బులో వేశాను. శుక్రవారమే డ్రై డే అని, నిలవ నీళ్లు కనిపిస్తే పారబోయడానికి మలేరియా వాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారని నా బుర్రకు తట్టలేదు. వచ్చినావిడ టబ్బులోకి తొంగిచూసింది.

"ఇది పరిశోధన అమ్మా" అన్నాను హుందాగా.

"పరిసోదనేటి నాయనా, ఇయి దోమపిల్లలు కావా ఏటి?"

"దోమపిల్లలే. నానే ఏసినాను."

అంత నిజాయితీ గల జవాబు ఆవిడ సర్వీసులో విని ఉండదు. టబ్బెత్తి వంచేసింది. నీళ్లూ, దోమపిల్లలూ, నా పీజీ కలిసి కాలవ వైపు బయల్దేరాయి. నేను చేసిందల్లా నోరు తెరవడం. పాపను అప్పుడే నిద్రపుచ్చిన బావ మాత్రం, భుజం కదలకుండా గొంతుక్కూర్చుని, కాలవ అంచున వాణ్ని రెండో చేత్తో అందుకున్నాడు. ఆ పురుగు కుడుతుందని నేనాయనకు ఎప్పుడూ చెప్పలేదు. సూదిలాంటి మూతి. బావ ముఖం ఎర్రబడింది, నల్లబడింది, ఆ తర్వాతి రంగుకు పేరు లేదు. విదిలిస్తే గుడ్లు పోతాయి, అరిస్తే పిల్ల లేస్తుంది. ఆ మనిషి బొటబొటా కన్నీళ్లు కారుస్తూ, చప్పుడు చేయకుండా లేచి నిలబడి, పైకీ కిందకీ ఊగుతూనే ఉన్నాడు. (నేను గిన్నె కోసం వంటింట్లోకి పరిగెత్తి టీ వడపోసే జాలీ తెచ్చాను.)

"ఆడి ఈపు మీదేటది?" మలేరియా ఆవిడే వాణ్ని తన మగ్గులోకి దించుతూ గుసగుసగా అడిగింది.

"గుడ్లు. ఆడు తండ్రి" అన్నాను.

ఆవిడ పురుగును చూసింది. భుజాన పిల్లతో ఊగుతున్న బావను చూసింది. "ఇద్దరిదీ ఒకే యూనియనేటి?" అని, మగ్గు మాకే వదిలేసి పక్కింటికి వెళ్లింది.

మర్నాడు బస్సులో టిఫిన్ డబ్బాలో వాడు, డబ్బా ఒళ్లో పెట్టుకుని బావ, పక్కన నేను. వేలు వాచిపోయినా డబ్బా మాత్రం ఇవ్వలేదు. "నీకిత్తే జోకులేసుకుంటా ఎక్కడో ఒదిలెత్తావు" అన్నాడు. ల్యాబులో వాడు చాలాసేపు బస్కీలు తప్ప ఏమీ చేయలేదు. మేడమ్ గడియారం వైపు చూసి, ఊరికే ఉండలేక అడిగారు: "గుడ్లు మోస్తున్నవాణ్నే ఆడది ఎందుకు ఎంచుకుంటుంది?" నా దగ్గర బట్టీ పట్టిన జవాబు పొడుగ్గా ఉంది. ఇంతలో వంకాయలా ఉబ్బిన బావ బొటనవేలు కంటబడింది. "మోస్తాడని ముందే తెలిసిపోతుంది కదా మేడమ్" అన్నాను. ఆవిడ తల ఊపుతుండగానే ఒక గుడ్డు మూత తెరుచుకుని, పాలిపోయిన పిల్ల ఒకటి నీళ్లలోకి జారింది. వెనకే ఇంకొకటి. నేను జోకు సంగతి మరిచిపోయి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బావ ఛాతీ విరుచుకుని, పక్కనున్న అటెండరుతో "మనోడే, మా ఇంట్లోనే పెరిగినాడు" అన్నాడు. పురుగు గురించే. నేను పాసయ్యానా లేదా అన్నది తిరుగు బస్సులో గుర్తొచ్చి అడిగాడు.

ఇప్పుడు నేను పిల్లలకు అదే పాఠం చెబుతున్నాను, ఆ ముక్క వచ్చినప్పుడు పురుగు బొమ్మతోపాటు బావ బొటనవేలు కూడా బోర్డు మీద గీస్తాను. మొన్న ఆదివారం ఆయన మా ఇంటికొచ్చేసరికి నేను మా అమ్మాయిని భుజాన వేసుకుని వరండాలో ఊగుతున్నాను. గట్టి అభిప్రాయాలున్న ఆ కుర్రాడు చూస్తే ఏమనేవాడో నాకు బాగా తెలుసు. బావ గుమ్మంలోనే ఆగి, తనివితీరా చూసి, "ఏటి బావా, యూనియన్లో జేరిపోనావా?" అన్నాడు. నా దగ్గర చాలా మంచి జవాబుంది. కానీ పిల్ల అప్పుడే కళ్లు మూసింది. నోరు మూసుకుని ఇంకో బస్కీ తీశాను.