మొగులప్ప వేళ్ళు
తాండూరు బండలకు నలభై ఏళ్ళుగా పాలిష్ పడుతున్న మొగులప్ప నునుపును కళ్ళతో కాదు, వేళ్ళతో చూస్తాడు. బస్సులో సీటునైనా ఒకసారి తడిమి గాని కూర్చోడు. ఫోన్ పోయిన మరునాడే రైల్వే స్టేషన్ ముందు గొడుగు కింద సిమ్ములమ్మే రజిని దగ్గరికి వచ్చాడు. మేస్త్రీలందరి దగ్గరా ఉన్నది ఆ పాత నంబరే. అది తిరిగి రాకపోతే పనికి పిలిచేవారుండరు. ఆధార్ వేలిముద్ర కోసం బొటనవేలు పెడితే మిషన్ ఒప్పుకోలేదు.

“వేళ్ళకు గూడ పాలిష్ వట్టినవా తాతా? గీతలే లేవు!” అంది రజిని. “వికారాబాద్‌ల షాదీఖానా బండలకు పాలిష్ వట్టింది నేనే బిడ్డా. గా మాట నీ మిషన్‌కు జెప్పు!” అంటూ జిడ్డు అంటేలా జుట్టుకు రుద్దుకొని ఒక్కో వేలూ పెట్టాడు. మిషన్ తొమ్మిదింటినీ కాదంది. చిన్నప్పుడు విరిగి వంకరపోయి, ఏనాడూ రాయికి ఆనని ఎడమ చిటికెనవేలు పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. “నీ నంబర్ నీకొచ్చింది తాతా!” మొగులప్ప ఆ వేలిని కళ్ళ దగ్గరికి తెచ్చుకొని, ఎన్నడూ చూడని చుట్టాన్ని చూసినట్టు చూశాడు. “పన్జేసిన తొమ్మిది నేను గాదట. ఏం జెయ్యని గిదొక్కటే నేనట!”