కొమురయ్య ఆపిన సీటు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకన. హాస్టల్లో కరెంటు పోతే చాలు, ఎవడో ఒకడు మొదలుపెట్టేవాడు. మిగతావాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. నేను లేచి వరండాలోకి పోయేవాణ్ణి. ఇప్పుడు నేనే ఇలాంటిది రాస్తున్నానంటే నా మీద నాకే చిరాకుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది నర్సింహులపేట దగ్గర ఒక ఊరు. తాత కాలంలో మమ్మల్ని దొరలనేవారు. నా కాలానికి భూములు పోయాయి, గడి కూలింది. ఎవరి ముందూ వంగకూడదన్న పట్టుదల ఒక్కటే మిగిలింది. జనగామలో ఇంటర్ చదివినంత కాలం ప్యాసింజర్ రైళ్లు, పల్లెవెలుగు బస్సులు తప్ప ఎక్కలేదు. అంతకు మించి స్థోమత లేదు.

కానీ బస్సు ఆగకముందే పరుగెత్తి, కిటికీలోంచి తువ్వాలో సంచో విసిరి సీటు ఆపుకునే జనాన్ని చూస్తే నాకు అసహ్యం. ఆ తువ్వాలకు భయపడి పక్కన నిలబడేవాళ్లను చూస్తే ఇంకా అసహ్యం. నేను అందరూ ఎక్కాక ఎక్కేవాణ్ణి. చోటు లేకపోతే తర్వాతి బస్సు దాకా ఆగేవాణ్ణి.

ఇంటర్ అయ్యాక భూపాలపల్లిలో గనుల డిప్లొమాకు ఎంపికయ్యాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు చివరి రోజు సాయంత్రం నాలుగింటిలోపు ఇవ్వకపోతే అడ్మిషన్ జాబితాలో తర్వాతివాడికి పోతుంది. అది పోతే ఇక చదువు లేదు. మా పతనం చూసి నవ్వుకునే ఒకాయన ధాన్యం దుకాణంలో నన్ను గుమస్తాగా పెడతానని మా నాన్న అప్పటికే మాటిచ్చేశాడు.

ఆ చివరి రోజు రైలు కాజీపేటకు ఆలస్యంగా చేరింది. హనుమకొండ బస్టాండుకు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. పరకాల మీదుగా భూపాలపల్లి పోయే పల్లెవెలుగు కిటకిటలాడుతోంది. జనం పశువుల్లా తోసుకుంటున్నారు. నేను అలవాటు ప్రకారం వెనక్కి జరిగాను.

కిటికీలోంచి ఒక అవ్వ నన్ను పిలిచింది. ఆమెను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"చిన్నదొరా, లోపటికి రా. మీ ముసలాయిన నీకు సీటు ఆపిండు."

భయం వేయలేదు, కోపం వచ్చింది. మమ్మల్ని దొర అనడం ఊళ్లోనే వెక్కిరింపుగా మారి ఏళ్లయింది. ఇదెవరి ఎగతాళో తేల్చుకుందామనే ఎక్కాను. నిజంగానే ఆమె పక్కన సీటు ఖాళీగా ఉంది. దాని మీద మడిచిన తువ్వాల. అంతమంది నిలబడి ఉన్నా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఆపిందెవరని అడిగాను. పొట్టిగా, నల్లగా, ఎడమ చేతికి రెండు వేళ్లు లేని ముసలాయన అంది. మా చిన్నదొర జనంలో చొరబడడు, పిలిస్తేనే ఎక్కుతాడు, జర పిలువు అని చెప్పి దిగిపోయాడట.

ఆ పోలికలున్న మనిషి నాకు ఒక్కడే తెలుసు. కొమురయ్య, మా ఇంట్లో పాలేరుగా జీతం ఉన్నవాడు. ఆ వేళ్లు మా గడ్డి కోసే మిషన్‌లోనే పోయాయి. తాత ప్రయాణమైతే కొమురయ్య తెల్లవారకముందే బస్సు బయలుదేరే ఊరికి నడిచి వెళ్లేవాడు. సీట్లో తువ్వాల పరిచి, మా ఊరి దాకా దాని పక్కన నిలబడి వచ్చేవాడు. తను కూర్చునేవాడు కాదు. తాత ఎక్కగానే దిగిపోయేవాడు. నేను చిన్నప్పుడు బడికి పోయేటప్పుడు నాకూ అట్లాగే ఆపాడు.

అతను చనిపోయి అప్పటికి మూడేళ్లు. శవాన్ని ఎత్తిన రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. వాళ్ల వాడకు మా ఇంటివాళ్లు పోరు కనక పోలేదు.

తువ్వాల అవ్వ చేతికిచ్చి కూర్చున్నాను. ఆమె పరకాలలో దిగుతూ దాన్ని తీసుకుపోయింది. నాలుగింటికి ఇంకా కొంచెం ఉండగా కాగితాలిచ్చాను. మా వెనక ఆ దారిలో బొగ్గు లారీ అడ్డంగా తిరగబడిందని, చీకటిపడే దాకా ఇంకో బస్సు రాలేదని మర్నాడు తెలిసింది.

ఆ వారమే ఊరికి పోయి, మొదటిసారి కొమురయ్య ఇంటి ముందు నిలబడ్డాను. అతని భార్య లచ్చమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను. భయపడుతుందనో, ఏడుస్తుందనో అనుకున్నాను. ఆమె చెరగడం ఆపకుండా విని, నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. అంత ఈసడింపు నేను కూడా ఎవరి మీదా ఎన్నడూ చూపించలేదు.

"సచ్చినంక గూడ మీకే చాకిరా? నాకు కలల గూడ కనవడలె ఆయిన."

నేను తిరిగి వచ్చేశాను.

ఎవరో వేళాకోళం చేశారనుకుందామంటే, ఆ రోజు నేను ఆ బస్టాండులో ఉంటానని బయటివాళ్లెవరికీ తెలియదు. రైలు ఆలస్యమవుతుందని నాకే తెలియదు. ఆ అవ్వ ఎవరిని చూసిందో నేను చెప్పలేను. వచ్చింది అతనే అయితే, ఎదురుచూసే మనిషి ఉన్న ఇంటికి పోకుండా ఆ బస్సు దగ్గరికే ఎందుకు వచ్చాడో అసలే చెప్పలేను.