తూము గోడ కింద ఎల్లప్ప

ఈ ఉదయం సిరవార ఊరి దగ్గర కాలువ మీద కడుతున్న తూము గోడ విరిగిపడి కూలిమనిషి ఎల్లప్ప చనిపోయాడు. గోడ బీటలిచ్చిందని నిన్న మేం రైతులమంతా చూశాం. అయినా పని ఆపకుండా, దానికి దుంగ ఆనించి పట్టుకోమని పొద్దున ఎల్లప్పను పంపి వెళ్లింది కాలువ ఇంజనీరే.

ఆయన మధ్యాహ్నం జీపులో వచ్చాడు. శవం మీది గుడ్డయినా తీసి చూడలేదు.

"వీణ్ణి అక్కడ నిలబడమన్నదెవరు?" అని విసుక్కున్నాడు.

"మీరే గద సారూ నిలబడమన్నరు!" అంది ఎల్లప్ప భార్య.

"ఎవరైనా విన్నారా?" అంటూ ఇంజనీరు మా రైతుల వైపు తిరిగాడు.

"నేను విన్నానండీ," అన్నాను.

ఆయన నవ్వాడు. "మీ పొలం కాలువ చివర కదూ?"

సాయంత్రానికి మా చేనుకు నీళ్లు ఆపేశారు. వరి పొట్ట మీదుంది, ఇప్పుడు తడి లేకపోతే గింజ పట్టదు. ఇంట్లో అందరూ నన్నే తిడుతున్నారు. మీరైతే వినలేదనేవారా?