అందరూ చూశారు

లిఫ్టక్క అంటే ఆ ఆసుపత్రిలో తెలియనివాళ్ళు లేరు. స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కుతూ, ఎక్కినవాళ్ళందరినీ ఆటపట్టించే మనిషి. పెద్ద డాక్టరునైనా సరే, "కాస్త లోపలికి జరగండి బాబూ, మీ పొట్ట తలుపులో పడుతుంది" అనేసేది.

ఆవిడ తమ్ముడికి కడుపు ఆపరేషను చేసి మూడో అంతస్తు వార్డులో పడుకోబెట్టారు. తండ్రి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే, వాడంటే ప్రాణం. కానీ ఆ రోజు బదులు మనిషి రాలేదు, లిఫ్టు వదిలి కదలడానికి లేదు. అందుకని మూడో అంతస్తులో ఎక్కిన ప్రతి నర్సునూ అడిగింది.

"మావాణ్ణి చూశావటే?"

"ఇప్పుడే చూసొస్తున్నానక్కా. బాగానే ఉన్నాడు."

ఆ వార్డులో ఒక పద్ధతి ఉంది. ఏ ఒక్కరి మీదా భారం పడకూడదని గంటకొకరు వెళ్ళి పడకలన్నీ చూసి వస్తారు. చెప్పుకోవడానికి నిక్షేపంలాంటి పద్ధతి, ఎవరినీ తప్పు పట్టలేం. తమ్ముడికి లోపల రక్తం కారుతూ మొహం కొంచెం కొంచెంగా పాలిపోయింది. వెళ్ళిన ప్రతి పిల్లా అతన్ని చూడడం అదే మొదటిసారి. మనిషి రంగే అంత కాబోలు అనుకుని పక్క మంచానికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి అతను పోయాడు.

"మావాళ్ళు ప్రతి గంటా చూశారమ్మా" అన్నాడు పెద్ద డాక్టరు, తల దించుకుని.

లిఫ్టక్క తల ఊపింది. ఏడుపు రాలేదు. పోనీ కోపమైనా తెచ్చుకుందామంటే అదీ రాలేదు. ఎవరినని తిడుతుంది? ఒక్కరూ తమ వంతు ఎగ్గొట్టలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గోడకు చేరగిలబడి ఉంది.

"వాణ్ణెవరూ చూసుకోలేదటే?"

"గంటగంటకీ చూశారమ్మా."

"ఎవరు?"

"గంటకొకళ్ళు."

అమ్మ గోడ వదిలి నిటారుగా కూర్చుంది.

"అయితే పొద్దున చూసిన మనిషి మధ్యాహ్నం చూడలేదన్నమాట."

"లేదు."

"మరి నువ్వు? నువ్వక్కడే ఉన్నావుగా."

"మూడో అంతస్తులో తలుపు తెరుచుకున్నప్పుడల్లా అడిగానమ్మా."

"అడిగావు, సరే. చూశావా?"

లిఫ్టక్క చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"బాగానే ఉన్నాడని అందరూ చెప్పారమ్మా" అంది.