పట్టుగుడ్డకు అంటిన ముగ్గు

హిందూపురం సంతలో బెల్లం మూటల మీద వేసిన అక్షరాల్లో సున్నాలన్నీ రెండుచోట్ల తెగి ఉండేవి. చిన్నప్పుడు ఒకసారి నాయన వెంట పోయి అవి చూశాను. ఎందుకు తెగినాయని అడిగి అడిగి ఆయన ప్రాణం తీశాను. రేకులో అక్షరం కత్తిరించి, మూట మీద పెట్టి రంగు పూస్తారట. సున్నాను పూర్తిగా కోస్తే నడిమి ముక్క రాలిపోతుంది, దాన్ని పట్టి ఉంచడానికే ఆ తెగిన చోట్లు అన్నాడు. తెగకుండా నిలబెట్టలేరా అంటే, బెంగళూరులో చెక్క చట్టానికి పట్టుగుడ్డ బిగించి నడిమి ముక్కను దానికి అంటిస్తారంట, నీకెందుకే ఇదంతా అని కసిరాడు. రైలు పెనుకొండ దాటినా నేను అదే గొణుగుతున్నాను.

నాకెందుకా? ధర్మవరంలో మగ్గం ఇంట్లో పుట్టినదానికి పట్టుగుడ్డకు కరువా! యుద్ధం రోజులు కాబట్టి పట్టు సరిగా దొరక్క మగ్గం ఆగి ఆగి ఆడేది గానీ, పాత పలుచని ముక్కలకు మా ఇంట్లో లోటు లేదు.

నా బుద్ధి మా అవ్వ ముగ్గు మీదికి పోయింది. అవ్వ అంటే నాయనను కన్నతల్లి. గీత తెగకుండా చుట్లు చుట్టుకుంటూ పోయే ఆమె ముగ్గు మా వీధిలో ఇంకెవరికీ రాదు. ఆ ఏడాది ఆమె చెయ్యి వణకడం మొదలైంది. గీత వంకరపోయేసరికి పొద్దున్నే వాకిట్లోకి రావడమే మానేసింది. మా అమ్మ నాలుగు గీతలు గీసి అయిందనిపించేది. అవ్వ మాత్రం గోడవైపు తిరిగి పడుకునేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది, ఏడుపూ వచ్చేది. ఎట్లాగైనా ఆమెను మళ్లీ వాకిట్లోకి తేవాలి.

బతిమాలి, అలిగి, అన్నం తిననని బెదిరించి, బొగ్గుతో కాగితం మీద ముగ్గు వేయించుకున్నాను. గీత నిండా వణుకే. దాన్ని నున్నగా సరిచేసి ఇంకో కాగితం మీదికి ఎక్కించుకుని, కత్తెరతో గీత మందమంతా కోసి తీసేశాను. కోయగానే ముగ్గంతా విడివిడి ముక్కలై ఒళ్లో రాలింది. చుట్ల ముగ్గులో ప్రతి చుట్టూ ఒక సున్నానే కదా!

ముక్కల్ని పట్టుగుడ్డకు గంజితో అంటిద్దామని చూస్తే గుడ్డ సందులన్నీ మూసుకుపోయాయి. విసుగెత్తి, వాటిని వాకిట బండ మీద ముగ్గు వరసలో పేర్చి, పాత పటం చట్టానికి బిగించిన పట్టును వాటి మీద ఊరికే పరిచాను. చింతగింజల గంజిలో బియ్యప్పిండి చిక్కగా కలిపి పైన పోసి, సైకిలు ట్యూబు చుట్టిన చెక్కతో ఈడ్చాను. చట్టం ఎత్తి చూస్తే బండ మీద ముక్క ఒక్కటీ లేదు. పిండే వాటిని గుడ్డకు అంటించేసింది! కింద తెల్లగా, ఎక్కడా తెగకుండా ముగ్గు. ఆ సంతోషంలో గంతులేశాను.

అవ్వను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. వంగి చాలాసేపు చూసింది.

“బాగుండాది. ఎవురు ఏసినార్మే?” అంది.

నీదే అవ్వా అని ఎంత చెప్పినా నమ్మక లోపలికి పోయింది. వణుకు తీసేసి నున్నగా సరిచేసింది నేనే, ఇంక నా కోపం ఎవరి మీద చూపాలి?

మర్నాడు ఆమె బొగ్గు గీతనే, ఎక్కడ వణికితే అక్కడ వణికినట్టు, మళ్లీ ఎక్కించుకుని కోశాను. బండ మీద అచ్చు వేసి పిలిస్తే రానంటే రానంది. నీ ముగ్గును ఎవరో పాడుచేసినారని కేక పెట్టాను. అప్పుడు గోడ పట్టుకుని గబగబా వచ్చింది. వంకరపోయిన ఒక చుట్టు మీద వేలు పెట్టి ఆగిపోయింది.

“ఇది నాదే,” అంది. ఇంకాస్త వంగి, “ఈ మూల చుట్టు ఇట్ల తిరగదే. నీ జల్లెడ చట్టం ఆడ పెట్టి, పిండి తే” అంది.

నేలమీద చతికిలబడి, వణికే చేత్తోనే పక్కన ఇంకో ముగ్గు మొదలుపెట్టింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. నాయన గడపలోకి వచ్చి నిలబడి చూస్తూ ఉన్నాడు.

ఆమె బతికున్నన్నాళ్లూ మా వీధిలో వంకర ముగ్గు మా ఒక్క వాకిట్లోనే ఉండేది. చూసి నవ్వినవాళ్లను నేను ఊరికే వదిలేదాన్ని కాదు.